కాలువ కట్టిన రోజులు

ఫోను పక్కన పెడితే జీవితం ఎంత బాగుంటుందో చెప్పే వ్యాసాలు నాకు గిట్టవు. వాటిని కూడా ఫోనులోనే చదువుతాను కాబట్టి ఆ మాట అనే హక్కు నాకు లేదనుకోండి. అయినా చూడండి, వాటన్నిటిలోనూ మనిషి ఒక్కడే. కొండ మీదకో సముద్రం ఒడ్డుకో వెళ్తాడు, మూడు రోజులు ఫోను ముట్టడు, సూర్యోదయం చూస్తాడు, నాలుగో రోజు ఆ సూర్యోదయాన్ని ఫొటోలతో సహా మనకు వడ్డిస్తాడు. ఆ మూడు రోజులూ ఇంట్లో పాలవాడికి డబ్బు ఎవరిచ్చారో, పిల్లవాడి బడి నుంచి వచ్చిన కబురుకు ఎవరు జవాబు చెప్పారో అందులో ఉండదు. ఈమధ్య మా గోదావరి పాయల పక్కన కూడా అలాంటి వసతి ఒకటి వెలిసిందని విన్నాను. లోపలికి వెళ్ళేటప్పుడే మన ఫోను తీసుకుని చిన్న చెక్కపెట్టెలో పెట్టి తాళం వేస్తారట. ఆ పెట్టె అద్దె కూడా బిల్లులో కలిపే ఉంటారని నా అనుమానం.

అలాంటి వ్యాసమే నేనూ రాయబోతున్నాను. కాకపోతే నా ఫోనును నేనేమీ పక్కన పెట్టలేదు. 2022 మే నెలాఖరులో కోనసీమలో ఉన్న ఫోన్లన్నిటితో పాటు నా ఫోనులో కూడా ఇంటర్నెట్ ఆపేశారు.

ఆ ఏడాది ఏప్రిల్ 4న కోనసీమ కొత్త జిల్లా అయింది. మే నెలలో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. దాన్ని వ్యతిరేకిస్తూ 24న అమలాపురంలో జరిగిన ఆందోళన చేయి దాటింది. రాళ్ళు పడ్డాయి, బస్సులు కాలాయి, ఒక మంత్రి ఇంటికీ ఒక శాసనసభ్యుడి ఇంటికీ నిప్పు పెట్టారు. ఫోన్లలో తిరిగిన సందేశాలే జనాన్ని పోగు చేశాయని పోలీసులు అన్నారు. మొబైల్ ఇంటర్నెట్ ఆగిపోయింది. ఇవాళో రేపో వస్తుందనుకుంటే దాదాపు రెండు వారాలు రాలేదు. మామూలు కాల్స్ మాత్రం వెళ్ళేవి.

నేను అప్పుడు ముమ్మిడివరం దాటి లోపలికి ఉన్న మా ఊళ్ళో, అమ్మ దగ్గర ఉన్నాను. ఉండేది కాకినాడలో. లెక్కల పని, ఇంట్లోంచే చేస్తాను. అమ్మ పెరట్లో బోరింగు దగ్గర జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎలాగూ వేసవి సెలవులు కదా అని మా తొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి, లాప్‌టాప్‌నూ వెంటేసుకుని వచ్చాను. కట్టు విప్పేదాకా కదలడానికి లేదు.

మొదటి రెండు రోజులూ ఇంట్లో అందరం పళ్ళు పీకించుకున్నవాళ్ళలా ఉన్నాం. నాలుక మాటిమాటికీ ఖాళీ అయిన చోటుకే పోతుంది కదా, అలా చేయి ఫోను మీదకే పోయేది. తీసి, చూసి, ఏమీ లేదని తెలుసుకుని, లోపల పెట్టి, మళ్ళీ తీయడం. పిల్లవాడైతే నెట్ రావాలని ఆంజనేయస్వామికి మొక్కుకున్నాడు. వీధి చివరి కొట్టులో యూపీఐ పనిచేయక, కొట్టు పెద్దమ్మ అటక మీద నుంచి పాత ఖాతా పుస్తకం దింపింది. అందులో ఆఖరి పేజీలో మా నాన్న పేరిట పదహారు రూపాయలు బాకీ ఉంది. నాన్న పోయి ఆరేళ్ళు. ఆ పదహారూ ఇచ్చి కొట్టేయించాను. ఆ రోజంతా ఎందుకో మనసు తేలిగ్గా ఉంది.

మూడో రోజు సాయంత్రం పిల్లవాడు కనబడలేదు. వెతుక్కుంటూ వెళ్తే కాలువలో ఉన్నాడు.

కాలువలో అంటే నీళ్ళలో కాదు. గోదావరి డెల్టా బయటివాళ్ళకు ఇక్కడ కాస్త చెప్పాలి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ఆనకట్ట వల్ల మాకు ఈ కాలువలు వచ్చాయి. ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిపి దాదాపు పది లక్షల ఎకరాలు ఈ నీటితోనే పండుతాయి. మా బియ్యం, మా తాగునీళ్ళు, మా గేదెల స్నానాలు, ఒకప్పుడు మా పడవ ప్రయాణాలు, అన్నీ ఆ కాలువే. అంతటి కాలువను ఏటా వేసవిలో దాళ్వా, అంటే రబీ వరి పంట, చేతికొచ్చే వేళకు కట్టేస్తారు. ధవళేశ్వరంలో తలుపులు దించేస్తారు. నాలుగు వారాలో ఆరు వారాలో నీటి చుక్క రాదు. ఆ రోజుల్లోనే లాకులకు మరమ్మతులు, గట్లకు మట్టి, పూడిక తీత, గుర్రపుడెక్క ఏరివేత.

కాబట్టి మే నెలలో మా కాలువ అంటే ఒక పొడుగాటి ఆటస్థలం. రెండు వైపులా గట్టు ఉంటుంది, బంతి ఎటూ పోదు. నా చిన్నప్పుడు ఊరు ఊరంతా సాయంత్రానికి అందులోకి దిగేది. ఈమధ్య కొన్నేళ్ళుగా ఎవరూ దిగడం లేదు, పిల్లలు ఇళ్ళలోనే ఉంటున్నారు అని మామయ్య చెప్పేవాడు. ఆ ఏడు మళ్ళీ దిగారు. మా వాడు, వాడి ఈడు పిల్లలు పది మంది, వాళ్ళ కంటే పెద్దవాళ్ళు ఇంకో పది మంది. ఒకచోట క్రికెట్. ఇంకోచోట, వంతెన కింద ఇంకా ఎండని మడుగులో, చీర కొంగులతో జెల్లలు పట్టే ఆడవాళ్ళు. ఒక పెద్దాయన కొర్రమీను కోసం బురదలో మోచేతి దాకా చేయి పెట్టి, కళ్ళు మూసుకుని, గుడిలో నిలబడ్డట్టు కదలకుండా కూర్చున్నాడు. చేప దొరికిందో లేదో చూడలేదు. ఆయన ముఖమే చూస్తూ నిలబడ్డాను.

పిల్లల అసలు ఆట వేరే. కాలువ అడుగున దొరికినవన్నీ ఏరి గట్టు మీద వరసగా పేర్చడం. స్టీలు గ్లాసులు, జత లేని చెప్పులు, నిమజ్జనంలో మట్టి కరిగిపోయి వెదురు బద్దలూ గడ్డీ మాత్రమే మిగిలిన వినాయకుడు, ఒక తాళాల గుత్తి, ఒక బొత్తాల ఫోను. ఆ ఫోనుకు వేలం పాట పెట్టారు. చివరికి మా వాడు రెండు గోళీలకు గెలుచుకుని ఇంటికి తెచ్చి, కడిగి, ఎండలో ఆరబెట్టాడు. దానికి ప్రాణం రాలేదు. కానీ దాంతో ఆ పదిరోజుల్లో వాడు ఎంతమందితో మాట్లాడాడో లెక్కలేదు. ముఖ్యమంత్రితో కూడా మాట్లాడాడు. నెట్ ఎప్పుడిస్తారని గట్టిగానే అడిగాడు.

మామయ్య గట్టు మీద కూర్చుని ఇదంతా పర్యవేక్షించేవాడు. ఆయన కాలువల మీద లస్కరుగా ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. లస్కరు అంటే తలుపులు ఎత్తేవాడు, దించేవాడు, గట్టు మీద రాత్రిళ్ళు లాంతరుతో తిరిగేవాడు, ఎవరి పొలానికి ఎవరు దొంగచాటుగా తూము తవ్వారో తెలిసినవాడు. నీళ్ళు తక్కువైన దాళ్వాల్లో వంతులవారీగా నీళ్ళిచ్చేటప్పుడు ఊరంతా ఆయన్ని ఒక వారం అన్నా అని, ఇంకో వారం అనకూడని మాటలు అని పిలిచేవాళ్ళు.

ఒక సాయంత్రం ఆయన్ని అడిగాను. "మామయ్యా, ఇంతమంది కాలువ మీదే బతుకుతుంటే, ఏటా కట్టేస్తే జనం గొడవ చెయ్యరా?"

"ఎందుకు చేస్తారమ్మాయీ? ఫలానా తేదీన కడతామని ముందే చెబుతాం. కట్టే ముందు మంచినీళ్ళ చెరువులన్నీ నింపుతాం. ఎప్పుడు వదులుతామో కూడా చెబుతాం. ఎగువ వాడికీ శివారు వాడికీ అందరికీ ఒకేసారి ఆగుతుంది. ఎవడి మీద ఎవడు ఏడుస్తాడు?" కాసేపాగి, "గండి పడిందనుకో, అప్పుడు గొడవ చేస్తారు. నీళ్ళు ఆగడం రెండింట్లోనూ ఒకటే" అన్నాడు.

ఆయన కాలువ గురించే మాట్లాడుతున్నాడు. నేనే ఆ రాత్రి డాబా మీద పడుకుని వేరే సంగతికి దాన్ని అంటగట్టుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

ఆ రోజుల్లో నాకు కలిగిన సంతోషాలను నేను కాదనను. ఆవకాయ సంగతే తీసుకోండి. అమ్మ చేతికి కట్టు. కాయలు మాత్రం ఆగవు, కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు రెండు బుట్టలు అరుగు మీద ఉన్నాయి. మామూలు ఏడాదైతే నేను ఏదో వీడియో పెట్టుకుని, అందులో ఆవిడ చెప్పినట్టు కలిపేసి ఉండేదాన్ని. వీడియో లేదు. అమ్మ చెబితే నేను కలపాలి. అమ్మ కొలతలు గిద్దెల్లోనూ సోలల్లోనూ ఉంటాయి, మా ఇంట్లో సోల ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పక్కింటి పిన్ని సోల తెచ్చింది. ఎదురింటి అత్తయ్య ఆ సోల తప్పుడు సోల అంది. ఎవరి పుట్టింటి సోల ఎంత పట్టేదో వాదన మొదలై, మధ్యలో ఎవరో మెంతులు వేయించుకొచ్చి, ఇంకెవరో జీడి తీసి ముక్కలు తుడిచి, నేను ఏమీ చేయకుండానే ఆవకాయ అయిపోయింది. ఉప్పు కాస్త ఎక్కువైంది. ఎవరి సోల వల్ల ఎక్కువైందో ఇప్పటికీ తేలలేదు. ఆ రోజు అరుగు మీద ఏడుగురం ఉన్నామని నేనంటాను, ఐదుగురమేనని అమ్మ. ఒక్క ఫొటో కూడా లేదు తేల్చడానికి.

ఇలాంటివి ఇంకో నాలుగు చెప్పగలను. ముంజలు, డాబా మీద పడక, పిల్లవాడికి మామయ్య సుమతీ శతకం నేర్పబోయి తానే మూడో పాదం మర్చిపోవడం. వద్దు. మీ ఊళ్ళోనూ ఉంటాయి అలాంటివి.

నన్ను పట్టుకున్న ప్రశ్న ఇంకొకటి. ఇదంతా ఫోను లేకపోవడం వల్ల వచ్చిందా?

నాకు పదేళ్ళప్పుడు, 1996 నవంబరు 6 రాత్రి, తుపాను మా ప్రాంతం మీదకు వచ్చింది. వెయ్యి మందికి పైగా పోయారు. కోనసీమలో కొబ్బరిచెట్లు లక్షల్లో కూలాయి. మా ఊళ్ళో నెల దాటినా కరెంటు రాలేదు. టీవీ లేదు, రేడియోకు బ్యాటరీలు లేవు. సాంకేతికత లేని జీవితమే గొప్పదైతే ఆ నెల మా అందరికీ స్వర్గంలా ఉండాలి. ఆ నెల గురించి మా ఊళ్ళో ఎవరూ తీపిగా మాట్లాడరు. నిజం చెప్పాలంటే పిల్లలకు మాత్రం ఒక ఆట దొరికింది. పడిపోయిన చెట్ల మొదళ్ళ మీద నడుస్తూ, నేలకు కాలు ఆనకుండా, వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళేవాళ్ళం. అది ఎంత బాగుండేదో అమ్మ దగ్గర ఇప్పటికీ అనలేను. ఆ చెట్లలో పదకొండు మావి.

2022లో కూడా నా సంతోషం కింద అలాంటి చెట్లు ఉన్నాయి. కాస్త ఆలస్యంగా చూశాను.

అమ్మకు ఇంటిపనిలో సాయానికి దళితపేట నుంచి ఒక అక్క వస్తుంది. ఆమె కూతురు కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది. మా వైపు ఏ ఊరికి వెళ్ళినా గల్ఫ్‌లో ఉన్న ఆడపిల్లలు కనీసం కొందరుంటారు. ఆ అమ్మాయి నాలుగేళ్ళ బిడ్డ ఇక్కడ అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. శుక్రవారం సాయంత్రం వీడియోలో తల్లీబిడ్డలు చూసుకుంటారు. వారానికి అదొక్కటే. మే 27 శుక్రవారం ఆ కాల్ లేదు. మామూలు కాల్ చేసి మాట్లాడిందట, డబ్బులు బోలెడయ్యాయట. బిడ్డ ఫోను చెవి దగ్గర పెట్టుకోవడానికి ఒప్పుకోలేదట. అమ్మ అందులో లేదు, అబద్ధం చెబుతున్నారు అని ఏడ్చిందట.

అప్పటికే నేను ఒకసారి ఎదుర్లంక వెళ్ళి వచ్చాను. మురమళ్ళ దాటాక, గోదావరి పాయ గౌతమి ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. అవతలి ఒడ్డు యానాం. యానాం పుదుచ్చేరిది, అక్కడ ఇంటర్నెట్ ఆపలేదు. ఇవతలి గట్టు మీద సరైన చోట నిలబడితే అవతలి టవర్ల సిగ్నల్ అందుతుందని తెలియగానే, ఇంటి నుంచి పనిచేసే కుర్రాళ్ళందరూ లాప్‌టాప్‌లతో అక్కడికి చేరారు. రెండు ఒడ్లనూ కలిపే బాలయోగి వారధి రాకముందు ఈ రేవులో నది దాటించే పంటు కోసం జనం ఇలాగే నదికేసి చూస్తూ నిలబడేవాళ్ళు. ఇప్పుడు సిగ్నల్ గీతల కోసం నిలబడ్డారు.

జూన్ 3 శుక్రవారం అక్కనూ బిడ్డనూ స్కూటర్ మీద ఎక్కించుకుని వెళ్ళాను. దారంతా అక్క ఏమీ మాట్లాడలేదు. ఎదుర్లంక దగ్గర పడుతుండగా వెనక నుంచి అంది. "రాత్రిళ్ళు నిద్ర ఉండడం లేదు చెల్లీ. పేటలో మగవాళ్ళు వంతులేసుకుని మేలుకుంటున్నారు. మోటారుసైకిల్ చప్పుడైతే చాలు, పిల్లది లేచి కూర్చుంటోంది."

ఆ పది రాత్రులూ డాబా మీద చల్లగాలికి నేను పడుకున్న నిద్ర గుర్తొచ్చింది. మా ఇంటికీ పేటకూ మధ్య రెండు వీధులే.

గట్టు మీద తాటిచెట్టు కింద సిగ్నల్ బాగా అందే చోటు ఒకటుంది. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ కట్టుకున్న ఒక కుర్రాడు అక్కడ కూర్చుని ఎవరికో ఇంగ్లీషులో లెక్కలు చెబుతున్నాడు. చంకలో బిడ్డతో అక్కను చూసి, అవతలి వాళ్ళకు ఏదో చెప్పి, లాప్‌టాప్ మూసి, లేచి ఆ చోటు ఇచ్చాడు. కాల్ కలిసింది. బొమ్మ ఆగి ఆగి వస్తోంది. బిడ్డ ఒక్క మాట మాట్లాడలేదు. మోకాలి మీద మానుతున్న దెబ్బను ఫోనుకు ఆనించినంత దగ్గరగా పెట్టి చూపించింది. అక్కడ తల్లికి ఎర్రటి మసక తప్ప ఏమీ కనబడి ఉండదు. అయినా ఆమె "అబ్బో, ఎంత పెద్ద దెబ్బో" అంది. బిడ్డ ఊఁ అంది. పన్నెండు నిమిషాలు మాట్లాడారు. గట్టు మీద ఉన్న కుర్రాళ్ళు అంతసేపూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

ఆ రోజు నుంచి నాకు 'ఫోను లేని ఆనందం' అన్న మాట నోటికి రావడం లేదు. ఆ ఆనందం నిజమే, నేను అనుభవించాను. కానీ అది ఫోను లేకపోవడంలో లేదు. నేను చాలా ఆలోచించి పట్టుకున్నది ఇదొక్కటే. ఆ పద్నాలుగు రోజులూ మా వీధిలో అందరికీ ఒకేసారి ఆగింది. అందుకే కాలువలోకి పిల్లలు దిగారు, అందుకే సోల కోసం వాదన జరిగింది. ఒక్కరే ఆపుకుంటే అది జరగదు.

జరగదని నాకు ఎలా తెలుసంటే, చేసి చూశాను. కాకినాడ తిరిగి వెళ్ళాక ఆ ఉత్సాహంలో ఆదివారాలు ఫోను కట్టేసి బియ్యం డబ్బాలో పెట్టాను. మొదటి ఆదివారం ఏమైందంటే, నేను వరండాలో కూర్చున్నాను. మా ఆయన లోపల మ్యాచ్ చూస్తున్నాడు. పిల్లవాడు వీడియో చూస్తున్నాడు. పక్క ఫ్లాట్లలో తలుపులు వేసి ఉన్నాయి. నాలుగు గంటలు అలా కూర్చుని, మొక్కలకు రెండుసార్లు నీళ్ళు పోసి, లేచాను. పెళ్ళివారింట్లో ఏకాదశి ఉపవాసం చేసినట్టు ఉంది. పుణ్యం సంగతి తెలియదు, మిగతావాళ్ళ భోజనం మాత్రం బాగా కనిపించింది. నాలుగో ఆదివారానికి బియ్యం డబ్బాలో బియ్యమే మిగిలాయి.

కాబట్టి మనసును అదుపులో పెట్టుకో, నిగ్రహం పెంచుకో అని ఎవరైనా చెబితే నాకు కోపం వస్తుంది. గట్టు మీద పొలమున్న రైతును, కాలువ నిండా నీళ్ళు పారుతుంటే, నువ్వొక్కడివీ తూము మూసుకుని నిగ్రహంగా ఉండు అని ఎవరూ అడగరు. అడిగినా వినడు, వినకపోవడమే తెలివి. ఆ చెక్కపెట్టె వసతి వాళ్ళు చేసే వ్యాపారం కూడా చివరికి ఇదే. వాళ్ళు అమ్మేది నిశ్శబ్దం కాదు. అక్కడ మిగతావాళ్ళ దగ్గర కూడా ఫోను ఉండదు, ఆ హామీని అమ్ముతారు. మన వీధిలో మనం ఉచితంగా ఇచ్చుకోగలిగిన దానికి రాత్రికి ఇన్ని వేలు.

అలాగని 2022లో జరిగినట్టు ఎవరో పైనుంచి ఒక్క మాటా చెప్పకుండా ఆపేస్తే బాగుంటుందని నేననను. గొడవలు ఆగడానికి అది అవసరమా కాదా అన్నది వేరే వాదన, అందులో నాకూ అభిప్రాయం ఉంది, ఇక్కడ కాదు. నేననేది, అది మామయ్య భాషలో గండి. ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేదు, ఎప్పుడు అయిపోతుందో చెప్పలేదు, చెరువులు నింపుకోనివ్వలేదు. చెరువు నిండా నీళ్ళున్నవాళ్ళకు అది సెలవులా గడిచింది. నా జీతం ఆగలేదు, నా పిల్లవాడు నా పక్కనే ఉన్నాడు. లేనివాళ్ళు రెండు వారాలు ఎండిపోయారు.

ఇంకో సంగతి కూడా ఉంది. కాలువ ఏమీ ప్రకృతి కాదు. ఆనాటికి అదే కొత్త సాంకేతికత. ఆనకట్టకు ముందు ఈ డెల్టా కరువులతో మాడింది. కాలువ వచ్చాక కరువు పోయింది. అందుకే ఊరూరా కాటన్ దొర విగ్రహం నిలబెట్టుకున్నాం. కాలువ లేని కాలం ఎంత బాగుండేదో అని మా వైపు ఎవరైనా వ్యాసం రాస్తే గట్టు దాటనివ్వరు. అయినా అంత ప్రాణంలాంటి దాన్ని ఏటా ఆరు వారాలు కట్టుకోవడం మాకు నూటయాభై ఏళ్ళు దాటిన అలవాటు. కట్టకపోతే పూడిక ఎవరు తీస్తారు? ఇక్కడ ఇంకో విషయం, కాలువ కట్టేది విశ్రాంతి కోసం కాదు. నీళ్ళున్నప్పుడు చేయలేని పని చేయడానికి. ఫోను మూసి ఊరికే కూర్చుంటే నిలవకపోవడానికి అదే కారణమని నాకనిపిస్తుంది. ఆవకాయ రోజు మాకు చేతినిండా పని ఉంది.

కిందటేడు నుంచి అమ్మవాళ్ళ వీధిలో ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాం. గొప్పగా చెప్పుకోవాల్సింది కాదు. నెలకు ఒక శనివారం, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా, నాలుగు ఇళ్ళు. తేదీ వారం ముందే చెప్పుకుంటాం. మామయ్య బొత్తాల ఫోను ఒక్కటి తెరిచి ఉంటుంది, అత్యవసరమైతే దానికి చేయమని అందరం మా వాళ్ళకు ఆ నంబరు ఇచ్చాం. అక్క వాళ్ళ శుక్రవారం జోలికి మేము పోలేదు. ఆ సాయంత్రం ఏదో ఒక పని పెట్టుకుంటాం. ఒకసారి చెరువు మెట్ల మీద పాచి గీశాం, ఒకసారి నాలుగిళ్ళ పాత కాగితాలు సర్దాం, ఒకసారి పనేమీ తోచక పేకాట ఆడాం. ఐపీఎల్ రోజుల్లో రెండు ఇళ్ళు తప్పుకున్నాయి, మళ్ళీ వచ్చాయి. మా ఆయన వస్తాడు, వచ్చి గడియారం చూస్తాడు. తొమ్మిది కొట్టగానే అందరికంటే ముందు ఫోను అందుకునేది నేనే.

2022లో ధవళేశ్వరంలో జూన్ 1నే నీళ్ళు వదిలారు. సార్వా, అంటే ఖరీఫ్ వరి, ముందుగా వేస్తే నవంబరు తుపాన్లకు ముందే పంట ఇంటికొస్తుందని. మాది శివారు ఊరు, మా దాకా రావడానికి రోజులు పట్టింది. ఒక సాయంత్రం మామయ్య గట్టు మీద నుంచి కేకేశాడు, వస్తోంది వస్తోంది అని. పిల్లలు వికెట్లు పీక్కుని పైకి పరుగెత్తారు. ముందు నురగ వచ్చింది. దాని వెనక ఎండుటాకులు, కొబ్బరి డొక్కలు, గుర్రపుడెక్క గడ్డలు, ఒక చెప్పు. నీళ్ళు పాములా మెల్లగా, ప్రతి గుంటనూ నింపి గానీ ముందుకు కదలకుండా వస్తున్నాయి. పిల్లలు గట్టు మీద నీటితో సమానంగా నడుస్తున్నారు. వాళ్ళ క్రికెట్ పిచ్ మునగడం చూసి ఒకడు చేతులు జోడించాడు.

నా చీర కుచ్చిళ్ళ దగ్గర ఏదో వణికింది. ఫోను. రెండు వారాల సందేశాలు ఒక్కసారిగా దిగుతున్నాయి. అటూ ఇటూ చూస్తే గట్టు మీద అందరి జేబుల్లోనూ అదే చప్పుడు. మా వాడు నీళ్ళ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "అమ్మా, నెట్ వచ్చిందా?" అంటూ ఇంటికి పరుగు తీశాడు. బొత్తాల ఫోను గట్టు మీదే మర్చిపోయాడు.

మామయ్య మాత్రం కదలలేదు. నీళ్ళు వంతెన కిందకు చేరేదాకా చూసి, నా వైపు తిరిగి అన్నాడు. "అమ్మాయీ, ఒక ఫొటో తియ్యి. మా లస్కర్ల గ్రూపు ఒకటుంది, మీ అత్తయ్య ఫోనులో. శివారుకు నీళ్ళు చేరాయని పెట్టాలి."

తీశాను. నురగ, చెప్పు, ఎడమవైపు మూలన ఇంటికి పరుగెత్తుతున్న మా వాడి ఒక కాలు. పంపాను. చేరినట్టు రెండు గీతలు పడేదాకా మామయ్య నా భుజం మీదుగా చూస్తూనే ఉన్నాడు.